జనం కొత్త టెక్నాలజీని ఎలా వాడుతున్నారో పరిశోధించడం ఎలా? విశాఖ విద్యార్థుల కోసం, దశలవారీగా

"సార్, ఏఐ వాడకం మీద ప్రాజెక్టు ఇచ్చారు. గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే సరిపోతుందా?"

ప్రతి సెమిస్టర్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో ఏఐ డేటా సెంటర్ పెడతానని ప్రకటించాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఎంబీఏ వాళ్లు, బీటెక్ వాళ్లు, సైకాలజీ వాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

సరిపోదు. ఫామ్‌లో వచ్చేది జనం తమ గురించి తాము అనుకునే మాట. చేతిలో ఫోన్ పట్టుకుని నిజంగా ఏం చేస్తారన్నది అందులో ఉండదు. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆవిడని "ఫోన్‌పే వాడతారా అమ్మా?" అని అడిగితే "ఆఁ, వాడతాను బాబూ" అంటుంది. ఫామ్‌లో 'అవును' పడుతుంది. ఓ గంట పక్కన కూర్చుంటే తెలిసే సంగతి వేరు. క్యూఆర్ స్టిక్కర్ ఆమె బుట్ట మీద ఉంది కానీ, బ్యాంకు ఖాతా కొడుకుది. ఆ గంటలో ఆమె ఫోన్ సంచిలోంచి బయటికి తీయనే లేదు. డబ్బు పడిందని సౌండ్‌బాక్స్ చెబితే తెలుస్తుంది. బాక్సులో చార్జింగ్ అయిపోతే, కొన్నవాళ్లు చూపించే స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు చూసి తలూపుతుంది. ఆ టిక్కు అసలుదో నకిలీదో ఆమెకి తెలిసే దారి లేదు. పరిశోధనకి పనికొచ్చేది ఈ చివరి సంగతే. ఏ ఫామ్‌లోనూ దొరకనిదీ ఇదే.

కింద చెప్పేది ఇద్దరు విద్యార్థులు రెండు మూడు వారాల్లో, పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగే పద్ధతి. ఉదాహరణగా 'మన మిత్ర'ని తీసుకుంటున్నాను. వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు అందించడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో దీన్ని మొదలుపెట్టింది. కొత్తది, తెలుగులో ఉంది, వాట్సాప్ ఉన్న ఎవరైనా తెరవొచ్చు. ఇంతకన్నా మంచి విషయం దొరకదు. మీ విషయం వేరైనా దశలు ఇవే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- మీతో పాటు ఇంకొకరు. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు. ఒక్కరే రెండూ చేస్తే రెండూ పాడవుతాయి.
- కాలేజీ గుర్తింపు కార్డు, విభాగాధిపతి సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం.
- తెలుగులో ఒక పేజీ అనుమతి పత్రం.
- నోట్‌బుక్, పెన్ను, టైమ్ చూసుకోవడానికి వాచీ. మాటలు రికార్డు చేయడానికి ఒక ఫోన్.
- పవర్ బ్యాంకు. ఎదుటివాళ్ల ఫోన్‌లో డేటా అయిపోతే ఇవ్వడానికి మీ హాట్‌స్పాట్.
- మంచినీళ్లు. మన ఊరి ఉక్కపోతలో అరగంట కూర్చోబెట్టిన మనిషికి కనీసం అది ఇవ్వాలి.

దశ 1: ప్రశ్నని ఒక్క వాక్యంలోకి కుదించండి

"విశాఖ ప్రజలపై డిజిటల్ టెక్నాలజీ ప్రభావం" అనేది పరిశోధన ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పడానికి ఓ జీవితకాలం చాలదు. మీ వాక్యంలో మూడు ఉండాలి: ఎవరు, ఏ పరికరంతో, ఏ పని.

"యాభై దాటిన కంచరపాలెం గృహిణులు మన మిత్రలో కరెంటు బిల్లు చూసుకునేటప్పుడు ఎక్కడ ఆగిపోతున్నారు?"

దీనికి జవాబు దొరుకుతుంది. రాశాక ఒకటి సరిచూసుకోండి: ఈ ప్రశ్నకి జవాబు కళ్లతో చూసి చెప్పగలమా? "ఎక్కడ ఆగుతున్నారు" అన్నది చూడగలం. "ఎంత నమ్ముతున్నారు" అన్నది చూడలేం, ఊహించాల్సి వస్తుంది. మొదటి ప్రాజెక్టుకి చూడగలిగేదే పెట్టుకోండి.

దశ 2: మనుషులు, చోటు, సమయం

ఎంతమంది కావాలన్నది అందరికీ టెన్షనే. వాడేటప్పుడు వచ్చే ఇబ్బందులు కనిపెట్టడానికైతే ఒక్కో రకం మనుషుల్లో ఐదుగురు చాలు. ఒక్కొక్కరి దగ్గర సగటున 31% లోపాలు బయటపడుతుంటే ఐదుగురితో దాదాపు 85% బయటికొస్తాయని 1993లో ఈ రంగం పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ లెక్కకట్టారు. ఆ ఐదుగురూ ఒకే రకం వాళ్లయి ఉండాలి. ఏయూ పీజీ విద్యార్థులు ఇద్దరు, గాజువాక ఆటో డ్రైవర్లు ఇద్దరు, ఎంవీపీ కాలనీలో ఉండే రిటైర్డ్ ఉద్యోగి ఒకరు అని కలిపితే అది ఐదు కాదు, మూడు అరకొర గుంపులు.

మీ క్లాస్‌మేట్లని తీసుకోకండి. వాళ్లు తేలిగ్గా దొరుకుతారు, అందుకే అందరూ వాళ్లనే తీసుకుంటారు. విశాఖలో కొత్త టెక్నాలజీతో నిజంగా కుస్తీ పడేవాళ్లు వేరే ఉన్నారు.

సమయం దగ్గర చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం జరిగేటప్పుడు వెళ్లి "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అంటే ఎవరూ మీ మొహం చూడరు. చూడకపోవడమే న్యాయం. మత్స్యకారులతో చేయాలనుకుంటే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. అప్పుడు పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నవాళ్లు తీరుబడిగా మాట్లాడతారు. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారాన్ని వాళ్లు ఎలా అందుకుంటున్నారు, ఎవరు చదివి చెబుతున్నారు, దాన్ని నమ్మి పడవ తిప్పుతున్నారా అన్నది మంచి ప్రాజెక్టు అవుతుంది. రైతుబజార్‌లో అయితే మధ్యాహ్నం బేరం పలచబడ్డాక వెళ్లండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం చూసేవాళ్లని తీసుకోకండి, బస్సు రాగానే మీ పరిశీలన మధ్యలో ఆగిపోతుంది.

ఎండలో కూడా చేయకండి. బీచ్ రోడ్డులో పట్టపగలు స్క్రీన్ ఎవరికీ కనపడదు. యాప్ అర్థం కాలేదని మీరు రాసుకున్నది నిజానికి ఎండ వల్ల అయ్యుండొచ్చు.

దశ 3: అనుమతి

దీన్ని తంతులా కానివ్వకండి. కొత్త మనిషి వచ్చి "మీ ఫోన్ తెరవండి" అంటే ఈ రోజుల్లో మోసగాడేమోనని అనుకోవడం తెలివైన పని. ఉత్తరం చూపించి, ఈ నాలుగు మాటలు నోటితో చెప్పండి:

"ఇది మా చదువు కోసం. మీ పేరు, నంబరు ఎక్కడా రాయం. మధ్యలో ఎప్పుడైనా వద్దనొచ్చు, ఏమీ అనుకోం. మీకు పరీక్ష కాదిది, పరీక్ష ఈ వాట్సాప్ సేవకి."

నాలుగో మాట మర్చిపోవద్దు. అది చెప్పకపోతే పెద్దవాళ్లు "నాకు చదువు రాదమ్మా, నన్నొదిలేయ్" అని లేచిపోతారు.

జాగ్రత్తలు:

- పిన్, ఓటీపీ కొట్టే సమయంలో మొహం పక్కకి తిప్పుకోండి. మీరు తిప్పుకున్నట్టు వాళ్లకి కనపడాలి.
- ఎవరి ఫోన్‌లోనూ కొత్త యాప్ వేయకండి. వేరే స్క్రీన్ రికార్డర్ యాప్ అసలే వద్దు.
- నిజమైన డబ్బు కదిలే పని ఇవ్వకండి. బిల్లు చూడటం వరకే, కట్టించొద్దు.
- 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లని పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఇంటర్ పిల్లలతో చేస్తే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.
- మాటల్లో ఎవరైనా తాము మోసపోయిన సంగతి చెబితే పరిశోధన పక్కన పెట్టి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు రాసివ్వండి.

సంతకం పెట్టడానికి వెనకాడితే నోటిమాటగా ఒప్పుకున్నది రికార్డు చేస్తే చాలు. కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే మొదలుపెట్టకముందే చూపించండి. అయిపోయాక చూపిస్తే లాభం లేదు.

దశ 4: పని రాసుకోండి

ప్రశ్నలు కాదు, వాళ్లు చేయాల్సిన పని. రెండు మూడు మించొద్దు.

పొరపాటు: "మెనూలోకి వెళ్లి విద్యుత్ సేవలు నొక్కి బిల్లు చూడండి." దారంతా మీరే చెప్పేశారు, ఇక చూడటానికేముంది?

సరైనది: "ఈ నెల మీ ఇంటి కరెంటు బిల్లు ఎంతొచ్చిందో తెలుసుకోవాలి. మన మిత్రలో ఎలా చూస్తారో చూసి పెట్టండి."

స్క్రీన్ మీదున్న మాట మీ వాక్యంలో రాకూడదు. వస్తే వాళ్లు ఆ మాట కోసం వెతుకుతారు, పని గురించి ఆలోచించరు.

ముందుగా ఇంట్లో ఒకరితో చేయించి చూడండి, అమ్మతోనో మావయ్యతోనో. బిల్లు చూడాలంటే సర్వీస్ నంబరు కావాలని, అది పాత బిల్లు మీదుంటుందని, ఆ బిల్లు ఫ్రిజ్ మీదో దేవుడి పటం వెనకో ఉంటుందని మీకు అక్కడే తెలుస్తుంది. పనిలో సగం ఫోన్ బయటే ఉంటుంది. అందుకే ఇలాంటి పని మార్కెట్‌లో కాక వాళ్ల ఇంట్లోనే చేయించాలి.

దశ 5: పక్కన కూర్చోండి, నోరు కట్టేసుకోండి

అన్నిటికన్నా కష్టమైన దశ ఇది.

పని చెప్పి, టైమ్ రాసుకుని, ఎడమ పక్కనో వెనకో కొంచెం దూరంగా కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూ అయిపోతుంది. ఆవిడ తప్పు చోట నొక్కుతుంది. మీ వేలు దురద పెడుతుంది. చూపించకండి. "అది కాదండి, పైన" అన్న క్షణంలో ఆ పరిశీలన చెడిపోయింది.

"ఏటి బాబూ, ఇదేటి అడుగుతంది?" అని మిమ్మల్నే అడిగితే? మొహం చిన్నబుచ్చకుండా "మీకేమనిపిస్తోందమ్మా?" అనండి. మళ్లీ అడిగితే "నేను లేకపోతే ఏం చేసేవారో అదే చేయండి" అనండి. వచ్చే జవాబు చాలాసార్లు "మా మనవడిని పిలుస్తాను" అనే. పిలవనివ్వండి. అది పరిశీలనకి అడ్డు కాదు, మీకు దొరికిన ఫలితం. ఫోన్ ఒకరిది, వేలు ఇంకొకరిది అన్నది మన ఇళ్లలో మామూలు. 2010లో ప్రచురితమైన ఓ అధ్యయనం బెంగళూరు బస్తీల్లో ఇలాంటి మధ్యవర్తి వాడకాన్నే ప్రధాన విషయంగా తీసుకుంది. ఎవరు సాయం చేశారు, ఫోన్ చేతుల్లోంచి లాక్కున్నారా, నేర్పించారా, పని చేసిచ్చేశారా అన్నది రాసుకోండి.

మరీ ఇబ్బంది పడుతుంటే? ఐదు నిమిషాలు ఒకేచోట ఆగిపోయినా, మొహంలో చిరాకు కాక బాధ కనపడినా ఆపేయండి. "ఇది తయారుచేసినవాళ్లది తప్పమ్మా, మీది కాదు" అని చెప్పి మీరే చేసి చూపించండి. 'పూర్తి కాలేదు' అని నమోదు చేసుకోండి.

అనుకున్నది పైకి చెబుతూ చేయమని అడగడం ఈ రంగంలో పాత పద్ధతి. మనవాళ్లలో చాలామందికి ఒంటరిగా పైకి మాట్లాడటం ఎబ్బెట్టుగా ఉంటుంది, రెండు మాటలని ఊరుకుంటారు. అలాంటప్పుడు ఇద్దరు స్నేహితురాళ్లనో అక్కాచెల్లెళ్లనో కలిపి కూర్చోబెట్టి ఒకే ఫోన్ ఇవ్వండి. "ఒసే, అది కాదే, కిందకి జరుపు" అని వాళ్లలో వాళ్లే అనుకుంటారు. మీకు కావాల్సింది ఆ మాటలే. కాకపోతే అప్పుడు జంటని ఒక్కరిగా లెక్కేయాలి.

రాసేవాళ్లకి: మీ అభిప్రాయం కాదు, జరిగింది రాయండి. "గందరగోళపడింది" అని రాస్తే తర్వాత ఎందుకూ పనికిరాదు. ఇలా రాయండి:

"2వ నిమిషం: మెనూ వచ్చింది. పైకీ కిందకీ మూడుసార్లు జరిపింది. చీర చెంగుతో వేలు తుడుచుకుంది. 'కరెంటు ఎక్కడుంది?' అంది. స్క్రీన్ మీద ఉన్నది: విద్యుత్."

ఈ నాలుగు ముక్కల్లోనే లోపం దొరికింది. జనం నోట్లో కరెంటు, స్క్రీన్ మీద ఇంకో మాట. తడి వేలిని ఫోన్ గుర్తించకపోవడం ఇంకోటి. అది విడిగా రాసుకోవాలి.

దశ 6: తర్వాత రెండు మాటలు, పది వాక్యాలు

పని అయ్యాక "బాగుందా?" అని అడగకండి. ఇంటికొచ్చిన పిల్లల మనసు కష్టపెట్టడం ఇష్టం లేక "బాగుంది బాబూ" అంటారు. ఇది మన ఊరి మంచితనం మాత్రమే అనుకోకండి. దీని కొలత కూడా తీశారు. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బెంగళూరులో జనానికి రెండు ఒకేలాంటి వాటిని చూపించి ఏది నచ్చిందని అడిగారు. అడిగే మనిషే తయారుచేశాడని అనుకున్నదాన్ని ఎంచుకునే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అడిగేది విదేశీయుడై, పక్కన దుబాసీ ఉంటే అది ఐదు రెట్లయింది. కాబట్టి మీరే తయారుచేసిన యాప్ అయినా సరే "మేం చేశాం" అనకండి. వీలైతే ఇంకో జట్టు విద్యార్థులతో పరిశీలన చేయించండి.

అడగాల్సినవి ఇలాంటివి: "ఇందాక అక్కడ కాసేపు ఆగారు కదా, అప్పుడేమనుకున్నారు?" "కిందటి నెల బిల్లు ఎలా తెలుసుకున్నారు?" జరిగిన సంగతి అడిగితే జరిగిందే చెబుతారు. "ఇకమీదట వాడతారా?" అంటే మర్యాదకి అవుననేస్తారు.

గైడ్‌కి అంకెలు కావాలంటే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ వాడండి. ఓ సేవో యాపో వాడటం ఎంత తేలిగ్గా అనిపించిందో తెలుసుకోవడానికి జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన పది వాక్యాల కొలత ఇది. ఒక్కో వాక్యానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) వరకు. చదవడం ఇబ్బందైతే మీరే చదివి, ఐదు గుండ్రాలున్న అట్టముక్క మీద వేలు పెట్టమనండి.

లెక్క ఇలా:

- 1, 3, 5, 7, 9 వాక్యాలకి వచ్చిన అంకెలోంచి 1 తీసేయండి.
- 2, 4, 6, 8, 10 వాక్యాలకి 5లోంచి వచ్చిన అంకె తీసేయండి.
- పదీ కూడి 2.5తో గుణించండి.

ఉదాహరణకి ఒకావిడ వరసగా 4, 2, 4, 3, 3, 2, 4, 2, 3, 3 ఇచ్చింది. బేసి వాక్యాలకి 3+3+2+3+2 = 13. సరి వాక్యాలకి 3+2+3+3+2 = 13. మొత్తం 26, గుణిస్తే 65. సాధారణంగా 68ని సగటుగా తీసుకుంటారు, అంటే ఇది సగటు కన్నా కొంచెం తక్కువ. ఇది శాతం కాదు. "65% మందికి నచ్చింది" అని రాసిన రిపోర్టులు ఎన్నో కనపడతాయి. అది పూర్తిగా తప్పు.

సరి సంఖ్య వాక్యాలు వ్యతిరేక అర్థంలో ఉంటాయి. తెలుగులోకి మార్చేటప్పుడు రెండు 'లేదు'లు ఒకే వాక్యంలో పడనివ్వకండి. "ఇది అనవసరంగా చిక్కుగా ఉంది" అని సూటిగా ఉండాలి. పదింటికీ ఎవరైనా 5 ఇచ్చారంటే మీ మాట వినలేదనే అర్థం. ఆ పత్రం పక్కన పెట్టి, పక్కన పెట్టినట్టు రిపోర్టులో రాయండి.

దశ 7: ఆ రాత్రే రాసుకోండి

రేపటికి వాయిదా వేస్తే సగం పోతుంది. ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, రికార్డింగ్ విని "ఇబ్బంది పడిన చోట్లు" జాబితా రాయండి. తర్వాత పక్కపక్కన పెట్టండి. ఇద్దరి జాబితాలోనూ ఉన్నవి గట్టివి. ఒక్కరికే కనపడ్డవాటి గురించి మళ్లీ రికార్డింగ్ విని వాదించుకోండి. ఈ వాదనలోనే మీ పరిశోధన పదునెక్కుతుంది. మార్కుల కోసం దీన్ని దాటేయకండి.

దశ 8: ఫలితం నిలబడుతుందో లేదో చూడండి

- ప్రతి ఫలితం కింద ఎవరు (పేరు కాదు, 'గృహిణి 3' లాగా), ఏ నిమిషంలో, ఏం చేశారో చూపించగలరా? చూపించలేకపోతే అది మీ ఊహ. తీసేయండి.
- శాతాలు రాశారా? ఐదుగురిలో ముగ్గురిని 60% అనకండి. "ఐదుగురిలో ముగ్గురు" అనండి.
- ఆరో మనిషితో ఒకసారి చేయండి. చాలావరకు పాత ఇబ్బందులే వస్తే ఆపొచ్చు. అన్నీ కొత్తవే వస్తే మీ ఐదుగురు ఒకే రకం వాళ్లు కాదు, దశ 2కి వెళ్లండి.
- మీ ఫలితానికి ఎదురు నిలిచే మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఆవిడ ఎందుకు తేలిగ్గా చేసేసిందో రాయండి. చాలాసార్లు రిపోర్టులో విలువైన పేజీ అదే అవుతుంది.
- నెట్‌వర్క్ వల్ల వచ్చిన ఆలస్యాన్ని మనిషి తడబాటుగా లెక్కేశారా?

మీ విషయం ఏఐ చాట్‌బాట్ అయితే

దశలు అవే, మూడు మార్పులు. ఒకటి, ఒకే ప్రశ్నకి ఇవాళ ఒక జవాబు, రేపు ఇంకో జవాబు రావొచ్చు. కాబట్టి అడిగిన మాట, వచ్చిన జవాబు, తేదీ, యాప్ పేరు యథాతథంగా దాచుకోండి. రెండు, ఎలా అడిగారో చూడండి. తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగా, మాట్లాడా? మైకులో 'బేగి', 'ఏటి' లాంటి మన ఉత్తరాంధ్ర మాట అన్నప్పుడు యంత్రం ఏం రాసుకుంది? యంత్రానికి ఆ మాట అర్థం కాలేదని మనిషి తన యాసనే మార్చుకుని మళ్లీ మాట్లాడితే తప్పకుండా నమోదు చేయండి. దాని మీద పరిశోధన ఇంకా ఎంతో జరగాలి, మనవాళ్లే చేయాలి. మూడు, జవాబు తప్పని తెలిశాక ఏం చేశారు? తప్పని తెలుసుకునే దారే లేకపోతే అది కూడా రాయండి. ఇందుకోసం మీకు ముందే జవాబు తెలిసిన పని ఒకటి పెట్టుకోండి.

దశ 9: తిరిగి వెళ్లండి

రిపోర్టు ఇచ్చేముందు పాల్గొన్నవాళ్లలో ఒకరిద్దరి దగ్గరికి వెళ్లి, మీరు కనుక్కున్నది తెలుగులో నాలుగు వాక్యాల్లో చెప్పండి. "కాదు బాబూ, నేనక్కడ ఆగింది అర్థం కాక కాదు, డబ్బులు కట్ అయిపోతాయేమోనని భయమేసి" అంటే మీ ఫలితమే మారిపోతుంది. ఆ దిద్దుబాటుని రిపోర్టులో చేర్చండి. మార్కులు పడ్డాక గొంతు రికార్డింగులు రెండు ఫోన్లలోంచీ, గూగుల్ డ్రైవ్‌లోంచీ, డ్రైవ్ ట్రాష్‌లోంచీ తీసేసి, తీసేసినట్టు వాళ్లకి కబురు పెట్టండి.